ఎనిమిదో తరగతి, భాగహారం రాదు: పేదరికంలోనూ చదువులో నిలదొక్కుకునే పిల్లల సంఖ్య పెంచడం ఎలా?

జెడ్పీ_లెక్కలు
జిల్లా పరిషత్ హైస్కూలు. ఎనిమిదో తరగతి ఒకటే సెక్షను, 41 మంది. అందరివీ కూలి ఇళ్ళే, కౌలు రైతులు ఒకరిద్దరు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటే సగం పైన చేతులెత్తేస్తున్నారు. సిలబస్ చూస్తే అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు. అవే బెంచీల్లో ఐదారుగురు మాత్రం ఏ లెక్క ఇచ్చినా పట్టేస్తారు. వాళ్ళిళ్ళూ అలాంటివే. ట్యూషన్ లేదు, ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ట్రైనింగుకి వెళ్తే "పట్టుదల నేర్పండి" అంటారు, ఏ పీరియడ్లో నేర్పాలో చెప్పరు. ఆ ఐదారుగుర్ని పదిహేను మందిని చెయ్యాలంటే ఎక్కడ మొదలెట్టాలి? సైన్సు చెప్పేవాళ్ళు కూడా రాయండి, అక్కడా ఇదే గోల. ఉపన్యాసాలు వద్దు, రేపు పొద్దున క్లాసులో చేసేవి కావాలి.

పుల్లవిరుపు
పట్టుదలది ఎనిమిదో పీరియడ్. పీఈటీ సారు సెలవు పెట్టిన రోజు.

గణాంకాల_గోవిందు
పేద ఇంటి పిల్లలు చదువులో ఎంతమంది నిలదొక్కుకున్నారో చూడ్డానికి ప్రపంచవ్యాప్తంగా ఒక కొలత ఉంది. పదిహేనేళ్ళ పిల్లలకి దేశదేశాల్లో పీసా అనే పరీక్ష పెట్టే ఓఈసీడీ వాళ్ళది, అది ఎక్కువగా సంపన్న దేశాల కూటమి. ఒక దేశంలో ఇంటి స్థితిగతుల్లో అట్టడుగు పావు వంతు పిల్లల్ని తీసుకుంటారు. వాళ్ళలో ఎంతమంది అదే దేశపు మార్కుల్లో పై పావు వంతులోకి వెళ్ళారో చూస్తారు. ఇంటికీ మార్కులకీ అసలు సంబంధమే లేకపోతే 25 శాతం రావాలి. 2018లో చదవడంలో ఓఈసీడీ సగటు 11 శాతం, 2022లో గణితంలో 10. అన్ని వసతులూ ఉన్న దేశాల పరిస్థితే ఇది. మన దేశం నుంచి 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాశాయి. 74లో 72, 73 స్థానాలొచ్చాయి.

జెడ్పీ గారూ, మీ క్లాసులో అందరూ ఆ అడుగు పావులోనే ఉన్నారు కాబట్టి ఐదారుగుర్ని పక్క బెంచీతో పోల్చి లాభం లేదు. మీ ఊరి ప్రైవేటు బడిలో మధ్యస్తంగా చదివే పిల్లాడు ఏం చెయ్యగలడో దాంతో పోల్చండి. అప్పుడు ఐదారుగురు కాస్తా ఇద్దరే తేలొచ్చు.

నల్లబల్ల
గోవిందు గారి కొలతలో ఒక మెలిక ఉంది. పై పావు వంతు అనేది ఏ దేశంలోనైనా ఉంటుంది, దేశం మొత్తానికి భాగహారం రాకపోయినా సరే. పైగా "చూడండి, పేదవాళ్ళలో పది శాతం పైకొచ్చారు" అనగానే మిగిలిన తొంభై శాతం తప్పు పిల్లల మీదకి పోతుంది. లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న బడిలో పట్టుదల మాట ఎవరెత్తినా నాకు ఒళ్ళు మండుతుంది.

గణాంకాల_గోవిందు
@నల్లబల్ల మెలిక ఉందన్న మాట నిజమే. పట్టుదల గురించి కూడా ఒకటి చెప్తా. అమెరికాలో తొమ్మిదో తరగతి పిల్లలకి "మెదడు సాధనతో పెరుగుతుంది" అని గంటలోపు ఆన్‌లైన్ పాఠం పెట్టి దేశవ్యాప్తంగా కొలిచారు. 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. గంట పనికి అది చెడ్డ ఫలితమేమీ కాదు. కానీ పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకుంటే వచ్చేది అంతే.

చాక్‌పీస్_పొడి
జెడ్పీ మాస్టారూ, "భాగహారం రాదు" అనేది జ్వరం లాంటిది, జబ్బు వేరే ఉంటుంది. ముందు అది తేలాలి. ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టి ఈ లెక్కలు చేయించండి, చేస్తూ పైకి చెప్పమనండి. మనిషికి ఐదారు నిమిషాలు. రోజుకి ఏడుగుర్ని చూస్తే ఆరు రోజుల్లో క్లాసు అయిపోతుంది. ఒప్పా తప్పా అని టిక్కు పెట్టొద్దు. వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాసుకోండి, విషయమంతా తప్పు జవాబులోనే ఉంటుంది.

502 − 168. జవాబు 466 వచ్చిందా? ప్రతి నిలువులో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు, ఏది పైన ఏది కింద అని చూడట్లేదు. మీ 41 మందిలో ఇది తప్పకుండా దొరుకుతుంది.

612 ÷ 6. జవాబు 12 అంటే వాడికి భాగహారం వచ్చినట్టే. రానిది స్థానవిలువ. ఒకటిలో ఆరు పోదు కాబట్టి అక్కడ సున్నా పెట్టాలని తెలీదు.

8 + 4 = □ + 5. పెట్టెలో 12 రాస్తే, సమానం గుర్తంటే "ఇక్కడ జవాబు రాయి" అని వాడి లెక్క. రెండు వైపులా ఒకే విలువ అన్నది ఎక్కలేదు. వీడికి సమీకరణాలు ఎన్నిసార్లు చెప్పినా "అటుది ఇటొస్తే గుర్తు మారుతుంది" అని మంత్రంలా పట్టుకుంటాడు, తొమ్మిదిలో మర్చిపోతాడు.

0.35, 0.8లో ఏది పెద్దది? 35 పెద్దదంటారు.

1/2 + 1/3. పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/5. వెంటనే "సగం కన్నా 2/5 ఎక్కువా తక్కువా" అని అడగండి. సగానికి ఇంకొంత కలిపితే తగ్గిందేమిటని కళ్ళు పెద్దవి చేసేవాడికి దారి దొరికినట్టే. ఏమీ అనిపించనివాడికి భిన్నం అంటే రెండు వేరు వేరు అంకెలు, అంతే.

−3 − 5. జవాబు 8 అయితే "మైనస్ మైనస్ ప్లస్" పాట పని చేస్తోంది.

చివర "నాలుగు వేల ఐదు" అంకెల్లో రాయమనండి. 405, 40005 రెండూ వస్తాయి.

ఇవి చూశాక పిల్లల్ని కాదు, తప్పుల్ని గుంపులు చెయ్యండి. 41 మందికి 41 జబ్బులు ఉండవు. నాలుగో ఐదో గుంపులు తేలతాయి.

జెడ్పీ_లెక్కలు
గుంపులు తేలినా చెప్పేది ఒక్కణ్ణే కదా మాస్టారూ. 45 నిమిషాల పీరియడ్లో నాలుగు గుంపులకి నాలుగు పాఠాలు ఎలా?

చాక్‌పీస్_పొడి
మీ ఒక్క క్లాసుతో చెయ్యకండి. ఆరు, ఏడు, ఎనిమిది మూడింటికీ ఒకే గంట లెక్కల పీరియడ్ పడేలా టైంటేబుల్ మార్పించండి. ఆ గంటలో పిల్లలు తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గదుల్లో కూర్చుంటారు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉత్తరాదిలో నడిపిన పద్ధతి ఇదే. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కొలిచి చూసింది దీన్నే, 2019లో నోబెల్ వచ్చాక అందరికీ తెలిసింది. లెక్కల వాళ్ళు ఒక్కరే ఉంటే సైన్సు మాస్టారినో సోషల్ మేడంనో స్థానవిలువ గదిలో కూర్చోబెట్టొచ్చు. దానికి బీఎస్సీ మ్యాథ్స్ అక్కర్లేదు.

హెడ్మాస్టరు ఒప్పుకోకపోతే 45 నిమిషాల్ని 15, 30గా చీల్చండి. మొదటి 15 పాత గుంటలు పూడ్చడానికి, తర్వాతి 30 సిలబస్‌కి. ఆ 15 ఏ రోజూ ఎగ్గొట్టొద్దు. యూనిట్ టెస్టు వారంలో అందరూ ముందు కోసేది దాన్నే, పథకం అక్కడే చెడుతుంది.

మన్యం_టీచరమ్మ
గుంపులు చేస్తే మొదటి వారంలోనే "మొద్దుల గది" అని పేరు పడిపోతుంది, జాగ్రత్త. ఎనిమిదోవాణ్ణి ఆరోవాడి పక్కన కూర్చోబెడితే మర్నాడు బడికి రాడు. గదులకి చెట్ల పేర్లో నదుల పేర్లో పెట్టండి. పది రోజులకోసారి మళ్ళీ చూసి గది మార్చండి. మారడం కళ్ళకి కనిపిస్తేనే పేరు నిలబడకుండా పోతుంది.

పుల్లవిరుపు
మా దగ్గర గదులకి గోదావరి, కృష్ణ, పెన్న అని పెట్టారు. ఇప్పుడు తిట్టుకోవాలంటే "ఒరేయ్ పెన్నా" అంటున్నారు.

పాలమూరు_పోరడు
స్థానవిలువ గదిల ఏం చెప్పాల్నో ఎవ్వరు రాయలే, నేను రాస్త. ఉత్త కాయితాల మీద నోట్లు చెయ్యుండ్రి. వందలు, పదులు, ఒకట్లు, మూడు రంగుల చార్టు ముక్కలు. ఇద్దరికో సెట్టు: వందలు 9, పదులు 20, ఒకట్లు 20.

502ల నుంచి 168 ఇయ్యాలె. పిలగాని దగ్గర వంద నోట్లు 5, ఒకట్లు 2. పదులు లెవ్వు. ఎన్మిది ఒకట్లు ఇయ్యాలంటే లెవ్వు, పది విప్పుదామంటే అదీ లేదు. అప్పుడు వానంతల వాడే వంద విప్పుతడు. నాలుగు వందలు, పది పదులు. మళ్ల ఒక పది విప్పుతడు. నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. ఇప్పుడు ఇస్తడు, 334 మిగుల్తయి. "సున్నా తొమ్మిదెట్లయింది సార్" అని ఏండ్లసంది అడిగే ప్రశ్నకు జవాబు వాని చేతులనే ఉంటది.

గని అసలు కత ఇప్పుడుంది. ఒక్కో నోటు విప్పంగనే అదే అడుగు నోటుబుక్కుల పడాలె. నోట్లు ఒక దినం, రాత ఒక దినం అంటే రెండు అతుకయ్. 2025ల నేచర్ల అచ్చయిన పరిశోధన జూడుండ్రి, అందుల బెనర్జీ, డఫ్లో గూడ ఉన్నరు. కలకత్త, ఢిల్లీ బజార్లల్ల సరుకమ్మే పిల్లలు కిలోల ధరలు నోటిమీద కట్టి చిల్లర సుత సరిగ్గ ఇస్తున్నరు. అదే లెక్క బడి తీరుగ కాయితం మీద ఇస్తే చాలమందికి రాలె. బడిల చదివే పిల్లలకు ఉల్టా, కాయితం మీద ఎక్కువొచ్చు, బజారు లెక్క రాదు. అంటే ఒక దిక్కు వచ్చింది ఇంకో దిక్కు దానంతలది పోదు. మనం తోల్కపోవాలె.

జెడ్పీ_లెక్కలు
ఇది మా సంతలో కనిపిస్తూనే ఉంటుంది. మిరపకాయలు పావుకిలో ధర టక్కున చెప్పే పిల్ల బోర్డు దగ్గర 1/4 చూసి నిలబడిపోతుంది.

ట్యూషన్_సెంటర్
వినడానికి బాగానే ఉంది, పదో తరగతి దగ్గర పడుతున్న పిల్లలకి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయండీ. ఆంధ్రాలో లెక్కల పేపరు వంద మార్కులకి 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండువి 8, నాలుగువి 8, ఎనిమిదివి 5, ఎనిమిది మార్కుల వాటికి ఛాయిస్ ఉంటుంది. గ్రాఫు ఒకటి, సాంఖ్యకశాస్త్రం ఒకటి, సంభావ్యత, ఒక మార్కు బిట్లు బట్టీ వేయిస్తే 35 దాటేస్తారు. ఫెయిలైతే ఆ పిల్ల చదువే ఆగిపోతుంది, పెళ్ళి చేసేస్తారు. ముందు పాస్ చేయించడం ధర్మం.

నల్లబల్ల
ఫిబ్రవరిలో ఆ పని తప్పదు, నేనూ కాదనను. జూన్ నుంచే చేయిస్తున్నారు చూశారా, గొడవ అక్కడ. ఏడాది పొడుగునా గ్రాఫు గీసిన పిల్లాడు స్కేలు ఎందుకు తీసుకోవాలో తెలీకుండా బిందువులు పెడతాడు. 40 మార్కులతో పాసై ఎంపీసీ తీసుకుంటే జూనియర్ కాలేజీలో మొదటి నెల కొత్త పాఠాల దగ్గర కాదు, భిన్నాల దగ్గరే మునుగుతాడు. మార్కులు చూసి "బానే చదివాడు కదా" అంటారు ఇంట్లో.

ట్యూషన్_సెంటర్
మునుగుతాడని తెలిసి ముందే ముంచమంటారా?

చాక్‌పీస్_పొడి
ఇద్దరూ ఆగండి. పాస్ మెటీరియల్లోనే గుంట పూడ్చే పని పెట్టొచ్చు. గ్రాఫు ప్రశ్న తీసుకోండి. ఎక్స్‌కి −2, −1, 0, 1, 2 ఇచ్చి పట్టిక నింపేటప్పుడు రుణసంఖ్యల తప్పులన్నీ బయటపడతాయి. ఎక్స్ వర్గానికి −2 పెడితే −4 రాసేవాళ్ళని లెక్కపెట్టండి. గ్రాఫుకని గంట ఇస్తే 20 నిమిషాలు పట్టికకే ఇవ్వండి. గీత గీయడం బట్టీతో వస్తుంది, పట్టిక రాదు.

గురుకులం_ఫిజిక్స్
సైన్సు సంగతి అడిగారు కదా. ఫిజిక్స్‌లో ఫెయిలయ్యేవాళ్ళలో చాలామందికి అడ్డం పడేది ఫిజిక్స్ కాదు, దశాంశాలు, ప్రమాణాలు. ఓమ్ నియమమే చూడండి. 1.5 వోల్టులు, 15 మిల్లీ ఆంపియర్లు ఇచ్చి నిరోధం అడిగితే 1.5ని 15తో భాగించి 0.1 ఓమ్ అని రాస్తారు. 0.015 ఆంపియర్లుగా మార్చినా, 1.5 ÷ 0.015 దగ్గర పెన్ను ఆగిపోతుంది. రెండింటినీ వెయ్యితో గుణించి 1500 ÷ 15 చేయించండి. వంద వస్తుంది.

ల్యాబు లేదన్నవాళ్ళకి: చవక డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, 100 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్లు కొన్ని, 1.5 వోల్టు సెల్లులు మూడు, మొసలి క్లిప్పుల తీగలు. ఒక సెల్లుకి దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు, రెండుకి 30, మూడుకి 45. కొత్త సెల్లు 1.6 చూపిస్తుంది, రెసిస్టరు 5 శాతం అటూ ఇటూ ఉంటుంది, అందుకని పుస్తకంలోలా గుండ్రంగా రాదు. పిల్లలు దొంగలెక్క రాసేస్తారు, రాయనివ్వొద్దు. నాలుగో సెల్లు కలపకండి. 6 వోల్టుల దగ్గర 0.36 వాట్లు, పావు వాట్ రెసిస్టరు కాలుతుంది.

మీటరు చచ్చేది ఒకే ఒక్క చోట. ఆంపియర్ల దగ్గర తిప్పి ఉంచి సెల్లు రెండు కొసలకీ అడ్డంగా పెట్టేస్తారు, లోపలి ఫ్యూజు పోతుంది. కరెంటు కొలిచేటప్పుడు మీటరు దారి మధ్యలో ఉండాలి, వోల్టేజీకి పక్కన. స్విచ్చు వెయ్యకముందే పక్క గుంపు వచ్చి చూసి సరే అనాలని నియమం పెడితే సగం మీటర్లు బతుకుతాయి.

ఆ తర్వాత రెసిస్టరు తీసేసి టార్చి బల్బు పెట్టండి. ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాకే, ఎందుకంటే బల్బు 200 మిల్లీ ఆంపియర్లు దాటేస్తుంది. ఇప్పుడు వోల్టేజీని కరెంటుతో భాగిస్తే స్థిరంగా రాదు, పెరుగుతూ పోతుంది. ఫిలమెంటు వేడెక్కుతోంది మరి. కొలవకముందే ప్రతి పిల్లా ఎంత వస్తుందో కాగితం మీద రాసి మడిచి పెట్టాలి. ఊహించకుండా చూసిన ప్రయోగం మర్నాటికి గుర్తుండదు.

పాలమూరు_పోరడు
@గురుకులం_ఫిజిక్స్ అన్నా, మీ పిల్లలు ఎంట్రెన్స్ రాసి వచ్చినోళ్లు. ఐదుల చేర్చుకునేటప్పుడే జల్లెడ పడ్తరు. గురుకులాల రిజల్ట్ జూపెట్టి జెడ్పీ బడిని తిట్టుడు న్యాయమా?

గురుకులం_ఫిజిక్స్
తిట్టలేదు తమ్ముడూ. జల్లెడ మాట నిజమే. అది ఒక్కటే అయితే ఐదులో బాగా వచ్చిన పిల్ల తొమ్మిదిలో ఎందుకు పడిపోతుంది? హాస్టల్లో దొరికేది పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు, వెలుతురు, పక్కన అడగడానికి ఒక మనిషి. డే స్కాలర్‌కి ఇంట్లో దొరకనిది సరిగ్గా అదే. దాన్ని జెడ్పీ బడిలో కొంత ఇవ్వొచ్చు. నాలుగున్నరకి గంట కొట్టాక 50 నిమిషాలు ఒక గది తెరిచి ఉంచితే చాలు, పాఠం చెప్పక్కర్లేదు. ఎవరి హోంవర్కు వాళ్ళు అక్కడే చేసుకుని పోవాలి. బస్సు టైముకి ముందే వదలాలి, లేకపోతే ఆడపిల్లలు మొదటి వారమే మానేస్తారు.

మన్యం_టీచరమ్మ
నిలదొక్కుకునేవాళ్ళూ జారిపోయేవాళ్ళూ విడిపోయేది సెలవుల దగ్గర. పత్తి తీతలు అక్టోబరు నుంచి, మిర్చి కోతలు జనవరి నుంచి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళ్తాయి. పిల్ల ఆరు వారాలు పోయి వస్తుంది. సోషల్‌లో పోయిన పాఠం పోయింది, తర్వాతది వినొచ్చు. లెక్కల్లో అలా కాదు. బీజీయ సమాసాలు చెప్పినప్పుడు లేకపోతే కారణాంక విభజన అర్థం కాదు.

పాఠాల చిట్టా తీసి ఏది దేనిమీద నిలబడిందో గీతలు గీసుకోండి. చతుర్భుజాల నిర్మాణం లాంటివి పాత పాఠాల మీద పెద్దగా ఆధారపడవు. వలస పిల్లలు తిరిగొచ్చే వారానికి అలాంటి పాఠం పెట్టుకుంటే మొదటి రోజే కంపాసు పట్టుకుని అందరితో సమానంగా కూర్చుంటారు. పోయిన పాఠానికి ఒక్కో కాగితం, ఆరేసి లెక్కలు. పాఠం మొత్తం కాదు, తర్వాతి పాఠానికి కావలసినవి మాత్రమే.

భాష గురించి కూడా. మా దగ్గర ఇళ్ళలో సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడతారు. తెలుగే రెండో భాష, పుస్తకం ఇంగ్లీషు మీడియం. ద్విభాషా పుస్తకం ఎడమ పేజీ ఇంగ్లీషు, కుడి పేజీ తెలుగు. రెండూ చదివించి ఊరుకోవద్దు. కుడి పేజీ చదవాలి, బొమ్మ గీయాలి, ఏం కనుక్కోవాలో ఒక్క వాక్యం తన మాటల్లో చెప్పాలి, సమీకరణం రాయాలి, ఆఖర్న ఎడమ పేజీ. బొమ్మ గీయలేకపోతే ఆ పిల్లకి లెక్క రాక కాదు, ప్రశ్న అర్థం కాక.

నీలి_మాత్ర
బడి ఆరోగ్య బృందంతో తిరిగే మనిషిని, లెక్కలు చెప్పను. రెండు విషయాలు మాత్రం.

చూపు. ఆరు మీటర్ల దూరంలో ఇంగ్లీషు ‘E’ అక్షరాల చార్టు కట్టి ఒక్కో కన్నూ మూసి చూపించండి. కొలిచేటప్పుడు అంగలు వెయ్యొద్దు, టేపు పట్టండి. నాలుగు మీటర్లలో చూపిస్తే అందరూ పాసైపోతారు. బోర్డు మీది 8ని 3గా దించుకునే పిల్లాణ్ణి మీరు భాగహారం గుంపులో వేసి ఉంటారు.

ఐరన్ మాత్ర. వారానికొకటి, నీలం రంగుది, 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇవ్వాలి. పొద్దున ప్రేయర్లో ఇచ్చేస్తే ఖాళీ కడుపున వాంతి చేసుకుంటారు, తర్వాతి వారం నుంచి మాత్ర కిటికీలోంచి బయటికి పోతుంది. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి, ఆగస్టుల్లో. మూడో పీరియడ్‌కే తల వాల్చేసే ఆడపిల్లకి కావలసింది ప్రేరణ క్లాసు కాదు.

నల్లబల్ల
ఈ దారం మొత్తంలో నాకు నచ్చిన పోస్టు ఇది.

హెచ్చెమ్_రిటైర్డ్
డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. మీ ఎనిమిదో తరగతే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష రాసే తరగతి, జెడ్పీ మాస్టారూ. నెలకి వెయ్యి, ఏడాదికి 12,000, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడులో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 50. మానసిక సామర్థ్యం 90, పాఠ్యాంశాలు 90, మూడు గంటలు. ఆ రెండో 90లో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. రెండూ కలిపి 40 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకి 32. కస్తూర్బా బాలికల బడులు (కేజీబీవీ), హాస్టలున్న ప్రభుత్వ గురుకులాలు, నవోదయల వాళ్ళకి అర్హత లేదు కాబట్టి ఇది మీ బడి పిల్లలదే.

పరీక్ష నెగ్గాక డబ్బు చేజారేది ఎక్కడంటే: ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బడి రికార్డులో ఇంకొకలా. బ్యాంకు ఖాతాకి ఆధార్ అతకదు. ప్రతి ఏడూ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో రెన్యువల్ చెయ్యాలి, పదో తరగతి హడావుడిలో అది మర్చిపోతారు. తొమ్మిది నుంచి పదికి మొదటి ప్రయత్నంలోనే వెళ్ళాలి, పదిలో 60 శాతం, ఎస్సీ ఎస్టీలకి 55. ఇంటర్ ప్రైవేటు కార్పొరేట్ కాలేజీలో చేరితే ఆగిపోతుంది. ఆ సంగతి చేరాక తెలుస్తుంది చాలామందికి. అప్లికేషను పెట్టకముందే ఆధార్ కార్డులన్నీ బల్ల మీద పరిచి అక్షరం అక్షరం సరిచూడండి.

ట్యూషన్_సెంటర్
ట్రిపుల్ ఐటీ కూడా చెప్పండి సార్. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలకి పదో తరగతి మార్కులతోనే సీటు. పదిలో జీపీఏ ఉన్న రోజుల్లో హాస్టలు లేని సర్కారు బళ్ళ పిల్లలకి పది పాయింట్ల మీద 0.4 కలిపి చూసేవారు కదా. ఇప్పటికైనా ఒప్పుకుంటారా, మార్కులు ముఖ్యమని?

నల్లబల్ల
సీటుకి ముఖ్యం. సీటొచ్చాక ఆరేళ్ళ కోర్సు, మొదటి రెండేళ్ళు పీయూసీ. అక్కడ ఎవడి గ్రాఫు వాడే గీసుకోవాలి.

పుల్లవిరుపు
వీళ్ళిద్దర్నీ గోదావరి గదిలో ఒకణ్ణీ పెన్న గదిలో ఒకణ్ణీ వెయ్యండి.

జెడ్పీ_లెక్కలు
టైంటేబుల్ మాట మా హెడ్మాస్టర్‌తో కదిపాను. ఆరు, ఏడు కుదరవుట, ఎనిమిదికి 15+30 చేసుకోమన్నారు. సరే. ఇంకో చిక్కు: హోంవర్కు. ఆ ఐదారుగురు చేస్తారు, మిగతా 35 మంది పొద్దున ప్రేయర్‌కి ముందు దించేసుకుంటారు. చూసి సంతకం పెట్టడం దండగలా ఉంది.

చాక్‌పీస్_పొడి
ముందు లెక్కలు తగ్గించండి. రోజుకి ఐదే. ఇవాళ్టి పాఠంలోవి రెండు, పోయిన వారంవి రెండు, పోయిన నెలది ఒకటి. ఇవాళ్టివే పది ఇస్తే మొదటిది చూసి మిగతా తొమ్మిదీ గుడ్డిగా లాగించేస్తారు. కలగలిపి ఇస్తే ఏ పద్ధతి వాడాలో ప్రతిసారీ ఆలోచించాలి. మొదట్లో తప్పులు పెరుగుతాయి, కంగారు పడకండి.

దించుకోవడానికి మందు రోల్ నంబరు. బోర్డు మీద ఇలా రాయండి: 3 ఎక్స్ + 7 = (3 × నీ రోల్ నంబరు) + 22. రోల్ నంబరు 12 అయితే 3 ఎక్స్ + 7 = 58, ఎక్స్ 17. రోల్ నంబరు 30 అయితే 35. ఎవరిదైనా జవాబు రోల్ నంబరుకి ఐదు ఎక్కువ, మీరు నోటుబుక్కు తెరిచి అరక్షణంలో చూసేస్తారు. పక్కవాడిది దించుకోవాలన్నా పద్ధతి చూసి మళ్ళీ చెయ్యాల్సిందే. ఐదు ఎక్కువని వారంలో కనిపెట్టేస్తారు. కనిపెట్టినవాణ్ణి ఎందుకో చెప్పమనండి, ఆ వివరణ వంద లెక్కల పెట్టు. తర్వాత 22 మార్చెయ్యండి.

పీరియడ్ ఆఖర్న చీటీ మీద ఒక లెక్క. బయటికి పోయేటప్పుడు చేతిలో పెట్టి పోవాలి. మూడు కుప్పలు: వచ్చింది, చేతి తప్పు, అసలు తెలీదు. మార్కులు వెయ్యొద్దు. మూడో కుప్పే రేపటి 15 నిమిషాలు.

పాలమూరు_పోరడు
గా చీటీల మీద పేరు రాపియ్యకుండ్రి, రోల్ నంబరే. మొదటి కుప్పల ఉన్నోల్లను మూడో కుప్ప దగ్గర కూసోబెడ్తె గూడ మంచిదే, గని రోజూ వాళ్లనే పంతులు జేస్తె వాళ్ల చదువు ఆగుతది. వారానికి రెండు దినాలు చాలు.

జెడ్పీ_లెక్కలు
రోల్ నంబరుది రేపే మొదలెడతా. భిన్నాలకి కూడా ఇలాంటిది ఉంటే ఇవ్వండి మాస్టారూ, 2/5 గుంపు పెద్దగా ఉంది.

చాక్‌పీస్_పొడి
రోల్ నంబరు బై 6, దానికి 1/3 కలపమనండి. జవాబు: రోల్ నంబరుకి రెండు కలిపి బై 6. రోల్ 11 అయితే 13/6. పైవి పైవి, కిందవి కిందవి కూడేవాడు 12/9 రాస్తాడు, మీకు కుప్ప అక్కడికక్కడే తెలిసిపోతుంది. 4, 10, 16, 22, 28, 34, 40 నంబర్ల వాళ్ళకి పూర్ణసంఖ్య వస్తుంది. తమకే సులువు లెక్క పడిందని మిగతావాళ్ళు గొడవకొస్తారు. ఆ ఏడుగురికే ఎందుకలా వచ్చిందో గొడవకొచ్చినవాళ్ళనే కనుక్కోమనండి.